బ్రాకియోపాడ్ శిలాజాన్ని గుర్తించి, దాని వర్గాన్నీ కాలాన్నీ తేల్చుకోవడం ఎలా

సున్నపురాతిలో ఇరుక్కుపోయిన చిప్ప కనిపిస్తే మనలో చాలామంది దాన్ని ఆల్చిప్ప అనేస్తాం. రెండు చిప్పలు, వాటి నడుమ మెత్తని జీవి, సముద్రపు అడుగున బతుకు అనుకుంటే ఆ పోలిక సహజమే. అయితే సుమారు 54 కోట్ల ఏళ్ళ క్రితం మొదలై 25 కోట్ల ఏళ్ళ క్రితం ముగిసిన పేలియోజోయిక్ మహాయుగపు సముద్రశిలల్లో అలా దొరికే చిప్పల్లో చాలా భాగం ఆల్చిప్పలు కావు, బ్రాకియోపాడ్లు. ఆల్చిప్పలు నత్తలకు చుట్టాలు. బ్రాకియోపాడ్లు పూర్తిగా వేరే వర్గం. లోఫోఫోర్ అనే సన్నని పోగుల కుచ్చుతో నీటిని వడకట్టి ఆహారం తీసుకునే జీవులవి. పందొమ్మిదో శతాబ్దం నడిమి దాకా శాస్త్రజ్ఞులు కూడా వాటిని మొలస్కుల్లోనే, అంటే నత్తలు, ఆల్చిప్పల వర్గంలోనే, కలిపి చూశారు కనుక కొత్తగా చూసేవారు పొరబడితే అందులో తప్పేమీ లేదు.

వీటిని పేరు పెట్టి పిలవగలిగే దాకా వెళ్ళడానికి పాటించవలసిన క్రమాన్ని ఈ వ్యాసంలో వివరిస్తున్నాను. బ్రాకియోపాడ్ల విషయంలో పైరూపం నమ్మదగిన సాక్షి కాదు. దగ్గరి బంధుత్వం లేని రెండు వంశాలు ఒకే ఆకారానికి చేరుకోవడం వీటి చరిత్రలో పదేపదే జరిగింది. అందువల్ల బొమ్మల పుస్తకం తెరిచి, చేతిలో ఉన్నదానితో పోలికలు చూసుకుని పేరు రాసేసే అలవాటును మొదటే మానుకోవాలి. సౌష్ఠవం, చిప్ప పదార్థం, కీలు, లోపలి నిర్మాణం అనే వరుసలో పరిశీలన సాగితే పొరపాటు చాలావరకు తగ్గుతుంది.

ముందు రాయి ఏ కాలానిదో తెలుసుకోవాలి

చిప్ప కంటే ముందు అది కూర్చున్న రాతిని చూడాలి. తెలుగు ప్రాంతాల్లో శిలాజాల కోసం తిరిగేవారికి ఇది మరీ అవసరం. కడప, కర్నూలు బేసిన్ల సున్నపురాళ్ళు, మన ఇళ్ళలో పరుచుకునే బేతంచర్ల నాపరాళ్ళు, తాండూరు నాపరాళ్ళు సముద్రపు అడుగున పేరుకున్నవే అయినా అవి ప్రొటెరోజోయిక్ కాలానివి, అంటే చిప్ప ఉన్న జీవులే ఇంకా పుట్టని రోజులవి. వేంపల్లె డోలమైటులో సూక్ష్మజీవుల పొరలు కట్టిన స్ట్రోమటోలైట్లు చక్కగా కనిపిస్తాయి, కానీ అక్కడ ఎంత వెతికినా బ్రాకియోపాడ్ దొరకదు. గోదావరి లోయలోని గోండ్వానా శిలలది వేరే కథ. వాటి కాలం సరిపోతుంది గానీ అవి ప్రధానంగా నదులు, సరస్సులు, చిత్తడి అడవులు వదిలిన నిక్షేపాలు, బ్రాకియోపాడ్లేమో సముద్రజీవులు. రాజమండ్రి పరిసరాల్లో లావా పొరల మధ్య ఉన్న సున్నపురాళ్ళలో చిప్పలు నిజంగానే ఉన్నాయి. కానీ అక్కడ పేరుపడ్డవి నత్తలు, ఆల్చిప్పలు.

భారతదేశంలో బ్రాకియోపాడ్లను చూడాలంటే హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయ, కశ్మీరులోని జేవన్ శిలలు, గుజరాత్‌లోని కచ్ జురాసిక్ శిలలు ప్రసిద్ధమైన చోట్లు. మధ్యప్రదేశ్‌లోని ఉమరియాలో బొగ్గు పొరల ప్రాంతంలోనే పేలియోజోయిక్‌లో చివరి భాగమైన పెర్మియన్ కాలపు సముద్రపు పొర ఒకటి సన్నగా బయటపడింది, అందులో ఉన్న బ్రాకియోపాడ్లే ఆ కాలంలో సముద్రం అంత లోపలికి చొచ్చుకొచ్చిందని చెప్పిన సాక్షులు.

నేర్చుకోవడానికి మాత్రం నేను సిఫారసు చేసే చోటు అమెరికాలో ఒహైయో, కెంటకీ, ఇండియానా రాష్ట్రాలు కలిసే సిన్సినాటి ప్రాంతం. సుమారు 45 కోట్ల ఏళ్ళ క్రితం, ఆర్డోవిషియన్ చివరి భాగంలో, ఆ నేల భూమధ్యరేఖకు దక్షిణాన వెచ్చని లోతులేని సముద్రం కింద ఉండేది. తుపానులు వచ్చినప్పుడల్లా చిప్పలు ఊడ్చుకొచ్చి గుట్టలుగా పడి సున్నపురాతి పొరలయ్యాయి, ప్రశాంతమైన రోజుల్లో పేరుకున్న బురద షేల్ పొరలైంది. మెత్తని షేల్ వానకు కరిగిపోతే చిప్పలు శుభ్రంగా విడివడి నేల మీదికి వస్తాయి. ఒకే చోట నాలుగైదు క్రమాలకు చెందిన బ్రాకియోపాడ్లు దొరకడం, సుత్తి పట్టకుండానే దొరకడం విద్యార్థికి గొప్ప సౌకర్యం. ఒహైయోలో ఎన్నో తెలుగు కుటుంబాలు ఉన్నాయి. పిల్లలను తీసుకుని సీజర్ క్రీక్ సరస్సు స్పిల్‌వేకు వెళ్ళేవారు అక్కడి సందర్శకుల కేంద్రంలో ఉచిత అనుమతి పత్రం తీసుకోవాలి. పనిముట్లు వాడకూడదు, అరచేతిలో పట్టనంత పెద్ద ముక్క తీసుకోకూడదు, తీసుకున్నదాన్ని అమ్మకూడదు. ఈ నియమాలు ఉండబట్టే ఆ చోటు ఇంకా మిగిలి ఉంది కనుక వాటిని మనసుపెట్టి పాటించాలి.

సౌష్ఠవం: మొదటి పరీక్ష, అన్నిటికంటే ముఖ్యమైనది

పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, మెత్తని బ్రష్షు, కొంచెం నీళ్ళు చాలు. చిప్పను కడిగి, దాని ముక్కు, అంటే కీలు వైపున్న మొన, పైకి ఉండేలా పట్టుకుని ఎదురుగా చూడండి. ముక్కు నుంచి కింది అంచు మధ్య దాకా ఒక నిలువు గీత ఊహించుకుంటే, గీతకు కుడి ఎడమలు ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా ఉంటే అది బ్రాకియోపాడ్ అయ్యే అవకాశం ఎక్కువ. ఇప్పుడు దాన్ని పక్కకు తిప్పి చూడండి. పై చిప్ప, కింది చిప్ప ఉబ్బులో గాని పరిమాణంలో గాని తేడాగా కనిపిస్తాయి. ఆల్చిప్పలో దీనికి సరిగ్గా ఎదురు. అక్కడ రెండు చిప్పలు ఒకదానికొకటి ప్రతిబింబాలు, ఒక్కో చిప్పను విడిగా చూస్తే ముక్కు ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. కారణం శరీర నిర్మాణంలోనే ఉంది. ఆల్చిప్ప చిప్పలు జీవికి కుడి ఎడమల్లో ఉంటే, బ్రాకియోపాడ్ చిప్పలు దాని వీపు వైపున ఒకటి, పొట్ట వైపున ఒకటి ఉంటాయి.

ఈ పరీక్షకు మినహాయింపులు ఉన్నాయి. గ్రిఫియా వంటి ఆయిస్టర్లలో రెండు చిప్పలూ అసమానంగా ఉంటాయి, విసనకర్రలా ఉండే స్కాలప్‌లలో ఒక్కో చిప్ప దాదాపు సౌష్ఠవంగానే కనిపిస్తుంది. భూమి ఒత్తిడికి నలిగిన రాళ్ళలో బ్రాకియోపాడ్ కూడా వంకర తిరిగి ఉండవచ్చు. అలాంటప్పుడు మరో రెండు ఆనవాళ్ళు సాయపడతాయి. సిన్సినాటి శిలల్లో ఆల్చిప్పల అరగొనైట్ (తేలిగ్గా కరిగే సున్నపు ఖనిజం) చిప్ప ఎప్పుడో కరిగిపోయి, లోపలి బురద గట్టిపడిన అచ్చు మాత్రమే సాధారణంగా మిగులుతుంది. బ్రాకియోపాడ్‌ది స్థిరమైన కాల్సైట్ కనుక అసలు చిప్పే గీతలతో సహా నిలిచి ఉంటుంది. రెండోది చిప్పలు మూసుకుని ఉండటం. ఆల్చిప్ప చచ్చిపోతే కీలు దగ్గరి స్నాయువు స్ప్రింగులా చిప్పలను తెరిచేస్తుంది. బ్రాకియోపాడ్‌కు అలాంటి స్నాయువు లేదు, తెరవడానికి కూడా కండరమే పనిచేయాలి కనుక చచ్చిన తరువాత అది మూసుకునే ఉండిపోవడం తరచుగా చూస్తాం.

ఏ చిప్ప ఏదో తెలుసుకోకుండా ముందుకు వెళ్ళకూడదు. చాలా బ్రాకియోపాడ్లు కండగల ఒక కాడతో సముద్రపు అడుగును పట్టుకుని బతికేవి. ఆ కాడ బయటికి వచ్చే రంధ్రం గాని త్రికోణపు సందు గాని పొట్ట వైపు చిప్పలో ముక్కు దగ్గర ఉంటుంది. చాలావాటిలో ఆ చిప్పే పెద్దది. టెరెబ్రాట్యులిడ్ చిప్పను పక్క నుంచి చూస్తే రోమన్ల నూనె దీపపు ప్రమిదలా ఉండి, కాడ రంధ్రం వత్తి పెట్టే చోటులా కనిపిస్తుంది. ఇంగ్లీషులో వీటికి దీపపు చిప్పలు అనే పేరు అలా వచ్చింది.

చిప్ప దేనితో తయారైంది?

వర్గీకరణలో మొదటి పెద్ద చీలిక ఇక్కడే ఉంది. 1869లో బ్రిటిష్ జీవశాస్త్రజ్ఞుడు హక్స్‌లీ బ్రాకియోపాడ్లను కీలు పళ్ళు ఉన్నవి, లేనివి అని రెండుగా విభజించాడు, ఆ విభజన పాఠ్యపుస్తకాల్లో వందేళ్ళకు పైగా నిలిచింది. 1996లో విలియమ్స్, కార్ల్‌సన్, బ్రంటన్, హోమర్, పోపోవ్ కలిసి ప్రతిపాదించిన పద్ధతిలో మూడు ఉపవర్గాలు, ఎనిమిది తరగతులు ఉన్నాయి. ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్నది అదే. పాత పుస్తకాలు చదివేవారు రెండు పద్ధతులూ తెలుసుకుని ఉండాలి.

మొదటి ఉపవర్గం లింగ్యులిఫార్మియా. వీటి చిప్ప సేంద్రియ పదార్థంతో కలిసిన ఫాస్ఫేటు. నల్లగానో గోధుమ రంగులోనో నిగనిగలాడుతూ పలుచగా ఉంటుంది, సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే పొంగదు. ఈ పరీక్షను పనికిరాని చిన్న ముక్క మీదే చేయాలి, మంచి నమూనా మీద ఆమ్లం పడనివ్వకూడదు. కీలు పళ్ళు ఉండవు, జీర్ణనాళానికి చివర మలద్వారం ఉంటుంది. రెండోది క్రేనిఫార్మియా. చిప్ప కాల్సైటుది, కీలు పళ్ళు లేవు, కాడ కూడా లేదు. పొట్ట వైపు చిప్పతోనే రాతికో మరో చిప్పకో అతుక్కుని బతుకుతాయి. లోపలి కండరపు మచ్చలు కలిసి పుర్రె ముఖంలా కనిపించడం వల్లనే క్రేనియా అనే పేరు వచ్చింది. సిన్సినాటిలో పెద్ద చిప్పల వీపు మీద చిన్న టోపీలా అతుక్కున్నదేదైనా కనిపిస్తే ఈ ఉపవర్గాన్ని తప్పక గుర్తు చేసుకోండి. మూడోది రింకోనెల్లిఫార్మియా. కాల్సైటు చిప్ప, ఒక చిప్పలో పళ్ళు, మరో చిప్పలో అవి కూర్చునే గుంటలు, మలద్వారం లేని మూసిన జీర్ణనాళం దీని లక్షణాలు. మీకు దొరికే వాటిలో చాలా ఎక్కువ భాగం దీనిలోనివే కనుక మిగిలిన పరిశీలన దీని క్రమాలను విడదీయడానికే.

కీలు నుంచి క్రమానికి

కీలు అంచు తిన్నగా, పొడవుగా ఉందా, లేక వంపు తిరిగి పొట్టిగా ఉందా అనేది మొదటి ప్రశ్న. తిన్నని కీలు, రెండు వైపులా ఉబ్బిన చిప్పలు, సన్నని గీతలు, మూతలేని త్రికోణపు సందు కనిపిస్తే ఆర్థిడా క్రమాన్ని అనుమానించాలి. తిన్నని కీలు ఉండి ఒక చిప్ప ఉబ్బి, రెండోది అదే వైపుకు గుంటపడి, మొత్తం పలుచని విసనకర్రలా ఉంటే అది స్ట్రోఫోమెనిడా. ఈ రూపానికి తోడు చిప్ప మీద ముళ్ళు గాని, ముళ్ళు విరిగిన మొదళ్ళ బుడిపెలు గాని ఉంటే ప్రొడక్టిడా. వంపు కీలు, చిన్న మొనదేలిన ముక్కు, బలమైన మడతలు, చిప్పలు కలిసే అంచు రంపపు పళ్ళలా ఉంటే రింకోనెల్లిడా. వంపు కీలు, నున్నని చిప్ప, ముక్కు కొసన గుండ్రని రంధ్రం, భూతద్దంలో సూదిపొడుపుల వంటి సూక్ష్మరంధ్రాలు ఉంటే టెరెబ్రాట్యులిడా. పక్షి రెక్కల్లా చాచిన పొడవాటి కీలు, ఒక చిప్ప నడుమ గట్టు, ఎదురు చిప్పలో దానికి సరిపడే లోయ ఉంటే స్పిరిఫెరిడా. చైనాలో ఈ స్పిరిఫర్లను రాతి స్వాలో పిట్టలు అనే అర్థమిచ్చే పేరుతో పిలిచి, గాలివానల్లో అవి ఎగురుతాయని చెప్పుకునేవారు, మందుల్లోనూ వాడేవారు.

ఇప్పుడు సిన్సినాటి నమూనాలతో దీన్ని సరిచూద్దాం. అరచేతి మధ్యలో పట్టేంత పలుచని విసనకర్ర దొరికితే అది రాఫినెస్క్వీనా కావచ్చు. కెంటకీలోని లెక్సింగ్టన్‌లో పాఠాలు చెప్పిన ప్రకృతి శాస్త్రజ్ఞుడు రాఫినెస్క్ పేరు దానికి పెట్టారు. దానిలాగే ఉండే స్ట్రోఫోమెనాతో దీన్ని కలిపేసుకోవడం అందరూ చేసే పొరపాటు. కాడ ఉండే పొట్ట వైపు చిప్ప రాఫినెస్క్వీనాలో ఉబ్బుగా, పెద్దదైన స్ట్రోఫోమెనాలో గుంటగా ఉంటుంది. ఏ చిప్ప ఏదో ముందే తేల్చుకోమని చెప్పింది ఇందుకే. లెప్టీనా మీద అడ్డంగా ముడతలు ఉంటాయి కనుక అది వెంటనే తెలిసిపోతుంది. గోళీలా ఉబ్బి, బలమైన మడతల మీద వంకర టింకర ఎదుగుదల గీతలతో ఉండేది హిస్కోబెకస్ అనే రింకోనెల్లిడ్. సెంటీమీటరు కంటే చిన్నగా, గీతలతో ఉండే జైగోస్పైరా అట్రిపిడా క్రమానికి చెందుతుంది.

ఇక అసలు చిక్కు పెట్టేది మరొకటి ఉంది. రెక్కల్లా చాచిన కీలు, లావాటి మడతలు, నడుమ గట్టు, ఎదురుగా లోయ ఉన్న చిప్ప అక్కడ విరివిగా దొరుకుతుంది. పైన రాసిన ఆనవాళ్ళ ప్రకారం ఎవరైనా దాన్ని స్పిరిఫర్ అనే అంటారు. కానీ అది ఆర్థిడ్. చాలాకాలం ప్లాటిస్ట్రోఫియా అని పిలిచిన ఈ ఉత్తర అమెరికా రూపాలను 2007లో జుయికోవ్, హార్పర్ విడదీసి విన్‌లాండోస్ట్రోఫియా అనే ప్రజాతిలో పెట్టారు. విరిగిన చిప్ప లోపల చూస్తే స్పిరిఫర్‌కు ఉండవలసిన సర్పిలాకారపు సున్నపు చట్రం అందులో ఉండదు. సెంటీమీటరైనా లేని జైగోస్పైరా వంటి చిన్న చిప్పలో ఆ సర్పిలం ఉండగా, స్పిరిఫర్ వేషం కట్టినట్టున్న పెద్దదానిలో లేకపోవడాన్ని ఒకసారి కళ్ళారా చూసినవారు మళ్ళీ పైరూపాన్ని నమ్మి పేరు రాయరని నా నమ్మకం.

చిప్ప లోపల ఏముంది?

లోఫోఫోర్‌ను మోసే సున్నపు చట్రం వర్గీకరణలో నిర్ణాయకమైన సాక్ష్యం. రింకోనెల్లిడ్లలో అది రెండు పొట్టి కొక్కేల వరకే ఉంటుంది, టెరెబ్రాట్యులిడ్లలో ఉచ్చులా మలుపు తిరుగుతుంది. అట్రిపిడ్, అథిరిడిడ్, స్పిరిఫెరిడ్లలో సర్పిలాలుగా చుట్టుకుంటుంది. స్పిరిఫెరిడ్లలో సర్పిలాల మొనలు పక్కలకు చూస్తాయి, చాలా అట్రిపిడ్లలో వీపు వైపు చిప్పలోకి చూస్తాయి. పైకి నున్నగా, గుండ్రంగా ఉండి టెరెబ్రాట్యులిడ్‌లా కనిపించే పేలియోజోయిక్ చిప్ప లోపల సర్పిలం ఉంటే అది అథిరిడిడ్.

దీన్ని చూడటానికి సులభమైన మార్గం విరిగిన, అరిగిన నమూనాలను పారేయకుండా దాచుకోవడం. నిండు చిప్పల కంటే అవే ఎక్కువ చెబుతాయి. పరిశోధకులు మూసిన చిప్పను పిసరు పిసరుగా అరగదీస్తూ, ప్రతి మెట్టులోనూ తలానికి అసిటేట్ పొర మీద ముద్ర తీసుకుని, ఆ ముద్రలను వరుసగా పేర్చి లోపలి ఆకారాన్ని తిరిగి నిర్మిస్తారు. ఈ పనిలో నమూనా నాశనమవుతుంది కనుక ముందే దాని ఫొటోలు, అచ్చు తీసి పెట్టుకోవాలి. ఎక్స్‌రే టోమోగ్రఫీ వచ్చాక ఆ నష్టం లేకుండానే చూడగలుగుతున్నారు. ప్రకృతే సాయం చేసిన చోటు ఒకటి ఉంది. పశ్చిమ టెక్సాస్‌లోని గ్లాస్ పర్వతాల్లో పెర్మియన్ చిప్పల కాల్సైటు స్థానంలో సిలికా చేరింది. అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన ఆర్థర్ కూపర్, రిచర్డ్ గ్రాంట్ టన్నుల కొద్దీ సున్నపురాతిని ఆమ్లంలో కరిగించి, ముళ్ళు కూడా విరగని చిప్పలను బయటికి తీశారు. ప్రొడక్టిడ్ల ముళ్ళు ఎంత పొడవుగా ఉండేవో, పగడంలా నిలువు గొట్టంగా పెరిగిన రిచ్‌తోఫెనియిడ్లు ఎలా బతికాయో మనకు స్పష్టంగా తెలిసింది ఆ పని వల్లే.

క్రమం తెలిస్తే కాలం తెలుస్తుంది

ప్రతి క్రమానికీ ఒక ఆయుష్షు ఉంది. అందుకే వర్గీకరణ కాలనిర్ణయానికి పనికొస్తుంది. పేలియోజోయిక్‌లో మొదటి భాగమైన కేంబ్రియన్ ప్రారంభ దశలోనే బ్రాకియోపాడ్లు కనిపిస్తాయి. చైనాలోని చెంగ్‌జియాంగ్ శిలల్లో లింగ్యులిడ్లు మెత్తని కాడతో సహా భద్రంగా దొరికాయి. ఆర్డోవిషియన్‌లో కీలు పళ్ళున్న రూపాలు సముద్రపు అడుగంతా పరుచుకున్నాయి. ఆ కాలం చివర, సుమారు 44.5 కోట్ల ఏళ్ళ క్రితం, హిమయుగంతో కూడిన వినాశనంలో చాలా ప్రజాతులు పోయాయి. చల్లని నీటికి అలవాటుపడిన హిర్నాన్షియా అనే బ్రాకియోపాడ్ల సమూహం ఆ సమయంలో ఎన్నో ఖండాల్లో ఒకే రకంగా కనిపించడం వల్ల ఆ పొరను గుర్తించడం సులభమైంది. పెంటమెరిడా, అట్రిపిడా క్రమాలు డెవోనియన్ దాటి రాలేదు. కనుక నిస్సందేహమైన అట్రిపిడ్ దొరికిన రాయి దాని తరువాత వచ్చిన కార్బోనిఫెరస్‌ది కాదని ధైర్యంగా చెప్పవచ్చు. ప్రొడక్టిడ్ల వైభవం కార్బోనిఫెరస్, పెర్మియన్‌లది. ముప్పై సెంటీమీటర్ల వెడల్పు దాటిన గైగాంటోప్రొడక్టస్ బ్రాకియోపాడ్లన్నిటిలోకీ పెద్దది. ఇప్పటి పాకిస్తాన్‌లోని సాల్ట్ రేంజ్ పెర్మియన్ సున్నపురాళ్ళకు ప్రొడక్టస్ పేరే పెట్టారు, శిలాజ శాస్త్రజ్ఞుడు వాగెన్ 1880లలో వాటి మీద చేసిన వర్ణనలు నేటికీ ఆధారాలుగా నిలిచాయి.

సుమారు 25.2 కోట్ల ఏళ్ళ క్రితం పెర్మియన్ చివర వచ్చిన మహావినాశనంలో ఆర్థిడా ముగిసింది, ప్రొడక్టిడ్లు ట్రయాసిక్ మొదట్లో కొన్ని మిగిలి అవీ పోయాయి. ఆల్చిప్పలు పోటీపడి బ్రాకియోపాడ్లను తరిమేశాయని చాలాకాలం అనుకున్నారు. 1980లో గూల్డ్, కాలోవే అనే శాస్త్రజ్ఞులు లెక్కలు వేసి, క్రమంగా సాగిన పోటీ కాదు, ఈ ఒక్క దెబ్బే రెండు వర్గాల దశను మార్చిందని వాదించారు. సాక్ష్యాలు చూస్తే నాకు కూడా ఆ వాదనే బలంగా కనిపిస్తుంది. జురాసిక్, క్రెటేషియస్‌లలో మిగిలినవి ప్రధానంగా రింకోనెల్లిడ్లు, టెరెబ్రాట్యులిడ్లు. అందుకే కచ్ శిలల్లో దొరికే వాటిని ఆ రెండింటి మధ్య విడదీయగలిగితే సగం పని అయినట్టే. నేడు సుమారు 400 జాతులు జీవించి ఉన్నాయి, శిలాజ జాతులు 12 వేలకు పైనే వర్ణితమయ్యాయి. నేటికీ బతికి ఉన్న లింగ్యులాను మాత్రం పాఠ్యపుస్తకాలు చెప్పినట్టు మార్పెరుగని సజీవ శిలాజం అనకండి. నాలుక వంటి పైరూపం పాతదే అయినా లోపలి నిర్మాణం మారిందని తరువాతి పరిశోధనలు చూపాయి. పైరూపం మోసగిస్తుందనడానికి ఇది మరో ఉదాహరణ.

చివరి పని చీటీ రాయడం

నమూనాతో పాటు చీటీ లేకపోతే దాని శాస్త్రీయ విలువ దాదాపు పోయినట్టే. దొరికిన చోటు, వీలైతే అక్షాంశ రేఖాంశాలు, శిలా విభాగం పేరు, తేదీ, పొరలో ఉన్నదా విడిగా పడి ఉన్నదా అనేది అదే రోజు రాయాలి. పేరు రాసేటప్పుడు నిజంగా తేల్చుకున్న మెట్టు దగ్గర ఆగండి. లోపలి చట్రం చూడకుండా ప్రజాతి పేరు రాయడం కంటే, క్రమం పేరు రాసి, దేని ఆధారంగా అలా అనుకున్నారో పక్కన రెండు మాటలు రాయడం మేలు. పాత పుస్తకంలో ప్లాటిస్ట్రోఫియా అని చదివి గుర్తించినదైతే, కొత్త పేరు పక్కన ఆ పాత పేరు కూడా రాసి పెట్టండి. ముప్పై ఏళ్ళ తరువాత ఆ డబ్బా తెరిచేవారికి మీరు ఏ పుస్తకం చూసి, ఏ ఆనవాలును నమ్మి ఆ మాట అన్నారో దాన్నిబట్టే తెలుస్తుంది.